మూరెడు పైకి గీసిన ఎర్రగీత

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. మింగుడు పడదు, పైకి రాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీతో చెప్పుకోవడం సులువనిపిస్తోంది.

మంత్రాలయానికి కాస్త ఎగువన, తుంగభద్ర రెండు పాయలుగా చీలిన చోట మాదొక దిబ్బ. ముప్ఫై ఇళ్లు, ఒక బడి, నా చిల్లర అంగడి. గట్టుకు పోవాలంటే హుసేనప్ప తాత పుట్టి ఒక్కటే దారి. వెదురుతో అల్లి తారు పూసిన ఆ గుండ్రటి పుట్టిని ఆయన నలభై ఏళ్లు నడిపాడు.

రేవులో ఒక రాతి స్తంభం ఉండేది, దాని మీద ఎర్రగీత. నీళ్లు గీతను తాకగానే తాత కేక వేయాలి, అందరం ఉన్న పని ఉన్నట్టు వదిలి గట్టుకు చేరాలి. అధికారులు వచ్చి నేర్పిన పద్ధతి అది. ఏటా వానలకు ముందు గీతకు రంగు వేసే పని నాది.

రెండేళ్లు వరుసగా నీళ్లు గీతను తాకాయి. మేం దాటాం. మర్నాటికల్లా నది తగ్గిపోయింది. కరువులో పుట్టి పెరిగి, కొత్తనీరు వస్తే పసుపు కుంకుమ వేసి మొక్కే మనం నీళ్లను చూసి పారిపోవడమేమిటని గట్టు మీది వాళ్లు నవ్వారు. రెండోసారి కళ్లంలో వదిలేసిన నా శనక్కాయలు వానకు తడిసి మొలకలెత్తాయి. నాకు ఒళ్లు మండింది. మూడో ఏడు పాత గీతను గీకేసి, మూరెడు పైన కొత్తది గీశాను. స్తంభం మీద మరో గుర్తేమీ లేదు, ఎవరికీ తేడా తెలియలేదు. మూరెడే కదా అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నానా? గీకేటప్పుడు ఎవరైనా వస్తున్నారేమోనని రెండుసార్లు వెనక్కి చూశాను. అంటే తెలిసే చేశాను.

ఆ ఏడే పెద్ద వరద వచ్చింది. పొద్దున ఆడవాళ్లు భయపడుతుంటే తాత స్తంభం చూసి, ఇంకా మూరెడుంది, పనులు చూసుకోమన్నాడు. నేను అక్కడే ఉన్నాను. శనక్కాయలు బస్తాలకు ఎత్తిస్తున్నాను. నోరు విప్పలేదు. మధ్యాహ్నం గీత తాకింది, ఆయన కేక వేశాడు. అప్పటికది పుట్టి నిలిచే ప్రవాహం కాదు. రెండు రోజులు చంటిపిల్లలతో బడి మిద్దె మీద కూర్చున్నాం. మనుషులం దక్కాం. ఎద్దులు, బర్రెలు, మేకలు ఒక్కటీ దక్కలేదు. స్తంభం కూడా కొట్టుకుపోయింది. అది లేదని చూసి నేను ఊపిరి పీల్చుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ పీల్చుకున్నాను.

తప్పంతా తాత మీద పడింది. ముసలాయనకు చూపు పోయింది, గీత కనపడలేదు అన్నారు. ఊరివాళ్లు వేరే పుట్టివాణ్ణి పెట్టుకున్నారు, ఆయన పుట్టి మళ్లీ ఎవరూ ఎక్కలేదు. ఒకరోజు ఆదోనిలో కంటి డాక్టరుకు చూపించుకుని నేరుగా నా అంగడికి వచ్చాడు.

“డాక్టరు నా కండ్లు శానా బాగుండాయంటాడు శెట్టీ. మరి నాకెట్ల తప్పిపాయ? రంగేసేటోడివి నువ్వే గదప్పా. నిజం చెప్పు, గీత యాడుండె?”

“యాడుంటాది తాతా, ఎప్పుడుండే చోటే. వయసైపాయ నీకు. డాక్టర్లకేం తెలుస్తాది?”

ఆయన డాక్టరు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“అట్లయితే నా కండ్లే లేప్పా” అన్నాడు.

లేచి అంగడి మెట్లు దిగాడు. గోడ తడుముకుంటూ దిగాడు. వచ్చేటప్పుడు తడుముకోలేదు.

ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. అన్నేళ్లూ అలాగే తడుముకుంటూ నడిచాడు. వరదలో ఎవరూ చావలేదు కదా అని నాకు నేను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. వరద సంగతి సరే, ఆ మధ్యాహ్నం అంగడిలో అన్న మాట సంగతేమిటి? అప్పుడు నన్నెవరు తొందరపెట్టారు?

క్షమించమని అడగను. అడగవలసిన మనిషి లేడు. గీత జరిపింది నేను. హుసేనప్ప తాత చూపులో ఏ లోపమూ లేదు. ఇది రాశాక కాస్త తేలిగ్గా ఉంది. ఉండటం న్యాయం కాదేమో. కానీ ఉంది.