నువ్వెవరివిరా అని అడిగిన మనిషి

మా మేనత్త పోయింది. పోయిన మంగళవారం తెల్లారుతుండగా, సారపాకలో కూతురింట్లో. ఎవరికి చేస్తే ఏంది, ఇద్దరొకటే గదా అని ఆ కూతురు, మా వదిన, నా ఒక్కడికే ఫోన్ చేసింది. నేనూ తమ్ముడూ కవలలం. యాభై దాటినా ఈ బాధ తప్పలేదు.

కవలలంటే మీకు ముచ్చట. ఒకే రంగు చొక్కాలు తొడిగి ఫొటోలు తీస్తారు. ఆ చొక్కాలో ఉన్న పిల్లాడికి ఎలా ఉంటుందో ఎవరైనా అడిగారా? తిరుమలాయపాలెం దగ్గర మా పల్లెలో మాకు పేర్లే లేవు. "ఏ జంటోడా" అంటే దగ్గరున్నవాడు పలకాలి. తమ్ముడికి జ్వరమొస్తే నాకూ మందు పోసేవాళ్లు.

అత్త మమ్మల్ని ఇట్టే గుర్తుపట్టేదని రాస్తే బాగుంటుంది. అది అబద్ధం. ఆమెకీ తెలిసేది కాదు. కానీ అడిగేది. అన్నం పెట్టే ముందు, "నువ్వెవరివిరా?" పేరు చెప్పాకే వడ్డన. వాడికి పులుసు, నాకు పెరుగు. "అడిగితే నీ నోరేమన్న అరుగుతదా" అని మా అమ్మను దెప్పేది.

నాలుగో తరగతిలో సారు కుర్చీ కాలు విరిగింది. మా ఇద్దరిలో ఒకడి పనేనని తేలింది. ఎవడో తేలలేదు. సారు ఇద్దర్నీ వరండాలో వంగబెట్టాడు. ఎదుటి చేనులో మిరపకాయలు ఏరుతున్న అత్త ఆ కారం చేతులతోనే వచ్చింది.

"ఎవడు చేసిండని అడిగినవా సారూ?"

"ఇద్దరూ ఒక్కతీరుంటరు. ఇద్దరికీ ఏస్తే చేసినోడికి తగుల్తది."

"ఒక్కతీరుంటె? ఒకడు తింటె ఇంకోడి కడుపు నిండుతదా?" మా వైపు తిరిగింది. "ఎవడ్రా?"

"నేనే" అన్నాడు తమ్ముడు. భయం కన్నా పొగరే ఎక్కువ ఆ గొంతులో. వాడికి రెండు దెబ్బలు పడ్డాయి, నాకు పడలేదు. అది న్యాయమని నేననను. పిల్లల్ని కొట్టడమే అన్యాయం. కానీ ఆ రోజు మొదటిసారి నా ఒళ్లు నాదనిపించింది. వాడికి వాడి తప్పు దొరికింది.

అడివి పల్లెల్లో ఎవడో ఒకడు చేశాడని పోలీసులు గూడెం మొత్తాన్నీ ఎండలో నిలబెట్టిన ప్రతిసారీ నేను పత్రికల్లో రాశాను, అరిచాను. నన్ను తిట్టేవాళ్లు ఏ పుస్తకాలు చదివి చెడిపోయాడో అంటారు. పుస్తకాలు తర్వాతి సంగతి. అంతా ఆ వరండాలో మొదలైంది.

చివరి ఏడాది షుగరుతో అత్త చూపు పోయింది. దవాఖానాలో మంచం పక్కన కూర్చుంటే చేయి తడిమి అదే మాట. "నువ్వెవరివిరా?" చెప్పేవాణ్ణి. "వాడేడి?" అనేది వెంటనే.

అత్తను పూడ్చే గుంట దగ్గర మబ్బు పట్టింది. ఒక పెద్దమనిషి తొందరపెట్టాడు. "జల్దీ కానియ్యండ్రి. ఇద్దరెందుకు, మీలో ఒకరు మట్టేస్తే ఇద్దరేసినట్టే."

జీవితమంతా వాదించినవాణ్ణి. ఈసారి పిడికెడు మట్టి తీసుకుని వంగాను. ఎవరూ అడగలేదు. నా పేరు చెప్పి వేశాను.

వెనక నుంచి తమ్ముడు తన పేరు చెప్పాడు. గుడ్డ మీద ఇంకో పిడికెడు మట్టి పడిన చప్పుడు.