బావ డబ్బాలో మందు

మా అక్క మొగుడు ఇరవై రెండేళ్లుగా ఇళ్లలో, హోటళ్లలో బొద్దింకలకు మందు కొడుతున్నాడు. అందరూ ఆయన్ని బొద్దింకల బావ అంటారు. ఆ పేరు పెట్టిన పాపం నాదే. మిగతావాళ్లు మందు కొట్టి చేతులు దులుపుకుని పోతారు. ఈయన మాత్రం బకెట్ బోర్లించి కూర్చుని, పావుగంట ఆగి, పురుగు చచ్చిందని కళ్లారా చూసుకుంటే గానీ కదలడు. అందుకే ఆయన మీద ఏనాడూ ఫిర్యాదు రాలేదు.

అలాంటిది ఈ రెండు నెలల్లో తొమ్మిది ఫిర్యాదులు వచ్చాయి. ఇంకొక్కటి వస్తే ఉద్యోగం పీకేస్తానని యజమాని అన్నాడు. ఆ కంపెనీలో సూపర్‌వైజర్ని నేనే.

నాకు అనుమానం పట్టుకుంది. మందు బయట అమ్ముకుంటున్నాడా? అక్కను కదిలించాను.

"మంచం కింద సీసాలు దాస్తున్నాడురా. అడిగితే నీకెందుకంటాడు" అంది. పాపం, ఆమె అనుమానం తాగుడు మీద.

మర్నాడు ఒక హోటల్ వంటగదికి ఆయన వెంటే వెళ్లాను. గొట్టం పట్టుకుని మూలమూలా తిరిగాడు. ఘాటు లేదు. బకెట్ జోలికీ పోలేదు. గోడ మీద తడిని వేలితో తీసి వాసన చూశాను.

"బావా, ఇవి నీళ్లు."

"నీళ్లే."

"మందు ఎవరికి అమ్ముతున్నావు?"

"చుక్క కూడా అమ్మలేదు. సీసాలన్నీ ఇంట్లోనే ఉన్నాయి, వెళ్లి చూసుకో."

నేల చూపులు చూస్తూ చెప్పాడు. "రెండు నెలల కింద ఒక బొద్దింకకు ఒక్క మీసం మీదే మందు పడిందిరా. పావుగంటా ఆ మీసాన్నే నోట్లో పెట్టుకుని తుడుచుకుంది. రెండో మీసాన్ని ముట్టుకోలేదు. నొప్పి లేకపోతే ఎందుకు?"

"అది దాని అలవాటు."

"మొన్న వేలు కాలితే నువ్వు ఆ వేలే నోట్లో పెట్టుకున్నావు. అదీ అలవాటేనా?"

నాకు ఒళ్లు మండింది. బొద్దింక మీసం కోసం మా అక్క కడుపు మాడుస్తాడా? ఆయన్ని బయటికి పంపి, నా బండిలో ఉన్న అసలు మందు తెచ్చి డబ్బాలో కలిపి నేనే కొట్టాను.

బయటికి వచ్చేసరికి బావ నన్ను ఎగాదిగా చూశాడు.

"అయిదు నిమిషాల పని. ఇంతసేపు ఏం చేశావురా?"

"మూలలు ఎక్కువున్నాయి."

"బకెట్ చప్పుడైంది."

నేను బండి తాళం కోసం జేబులు వెతుక్కున్నాను. అది నా చేతిలోనే ఉంది.

"ఒకటేనా, రెండూ తుడుచుకుందా?" అన్నాడు.

"ఒకటే" అన్నాను.

రేపు పొద్దున ఇంకో ఇంటికి వెళ్లాలి. అక్కడ మందు ఎవరు కొడతారన్న మాట ఇద్దరమూ ఎత్తలేదు.