మగ్గానికి కట్టిన తాబేలు బిళ్ళ

మా చిన్నప్పుడు... ఎమ్మిగనూరులో మా ఇంటి మగ్గానికి ఒక తాబేలు కాపలా ఉండేది! నవ్వొద్దు... ఒట్టు, నిజంగానే చెప్తాండాను.

పక్కింటి షమీమ్ నా జోడీ. బడిలో ఒకే బెంచీ, ఇంట్లో ఒకే ఉగ్గాని ప్లేటు. వాళ్ళ నాయన ఆదోని బజారులో బట్టలు కుట్టేవాడు. ఆడ సంపాదన సాలక మాల్దీవులకు పోయినాడు. సోషల్ సారు మ్యాపులో ఆ దేశం చూపిస్తే... సముద్రంలో ఈగ మరకల మాదిరి నాలుగు చుక్కలు. "ఇది కూడా ఒక దేశమా సార్?" అని క్లాసంతా నవ్వింది. షమీమ్ మూతి ముడుచుకునింది.

అంత చిన్న దేశానికి కూడా సొంత డబ్బులున్నాయని షమీమ్ నాయన సెలవుకు వచ్చినప్పుడే మాకు తెలిసింది. మనకు రూపాయి మాదిరి వాళ్ళకు రుఫియా అంట, పైసలను లారి అంటారంట. ఆయన తెచ్చిన నాణేల మీద అక్షరాలు చూసి షమీమ్ వాళ్ళ దాదీ "ఉర్దూ లాగుంది గానీ ఒక్క ముక్క నోరు తిరగదే!" అని విసుక్కునింది.

తిరిగి పోయేటప్పుడు ఆయన కూతురి చేతిలో యాభై లారి బిళ్ళ పెట్టినాడు. ఇత్తడి రంగు... దాని మీద ఈదుతున్న తాబేలు. "నేను వచ్చేదాకా భద్రంగా పెట్టుకో బేటీ" అన్నాడంట. అది పోతే నాయన తిరిగి రాడని షమీమ్ నమ్మకం. తలగడ కింద పెట్టుకొని పడుకునేది పిచ్చి పిల్ల.

అంత ప్రాణమైనదాన్ని, నేను బతిమాలి బతిమాలి చంపితే, ఒక్క రోజు కోసం నాకిచ్చింది. నేనేం చేసినాను? ఇంట్లో గూట్లో పడేసి ఆటకు పోయినా. ఘనకార్యం!

ఆ రోజే మా మగ్గానికి కొత్త పడుగు, అదే నిలువు దారాలు, ఎక్కిస్తాండారు. పడుగు ఎక్కించినప్పుడంతా ఒక బిళ్ళను పసుపు గుడ్డలో ముడేసి మగ్గానికి కట్టేది మా అవ్వ. ఆ పడుగు మీది చీరలన్నీ కోసి దించేదాకా ముడి విప్పకూడదు... విప్పితే అరిష్టం. అవ్వ బిళ్ళ కోసం గూట్లో చెయ్యి పెట్టింది... తాబేలు కనపడింది. అంతే! "కూర్మావతారం మనింటికి వచ్చినాడురా స్వామీ!" అని కండ్లకద్దుకొని, పసుపు కుంకుమ పెట్టి కట్టేసింది.

నేను వచ్చేసరికి మా నాయన నేస్తాండాడు కూడా. గూట్లో బిళ్ళ లేదు, మగ్గానికి పసుపు ముడి ఉంది.

మరుసటి రోజు షమీమ్ అడిగితే రేపిస్తా అన్నా. ఆ రేపు అడిగితే మర్చిపోయినా అన్నా. మూడో రోజు అది నేరుగా మా ఇంటికే వచ్చింది. నేను జరిగింది చెప్పి ముడి చూపిస్తే, మగ్గం దగ్గర నిలబడుకొని... "ఇంగ మా అబ్బాజాన్ రాడు" అని వెక్కి వెక్కి ఏడిచింది.

అవ్వ ముందు నా వీపున ఒకటి వేసింది. బాగానే తగిలింది. తరువాత ఆ ముడి దగ్గరకు పోయింది. "చీర సగంలో ఉంది, ఇప్పుడు ముడి ఎట్ల విప్పుతావుమ్మా?" అన్నాడు మా నాయన.

"బిడ్డను ఏడిపిచ్చి నేసిన చీర ఎవురు కట్టుకుంటార్రా? మగ్గానికి నేను సెప్పుకుంటాలే!" అని అవ్వ ముడి మీద చెయ్యి వేసింది.

షమీమ్ ముక్కు చీదుకొని, "వద్దు అవ్వా... మా అబ్బాజాన్ కూడా పని మీదే కదా పోయినాడు. తాబేలు పని కూడా అయినాకనే రానీలే" అనింది.

అవ్వ దాన్ని దగ్గరకు లాక్కొని ముద్దు పెట్టుకునింది. నాకైతే సిగ్గూ, ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చినాయి.

అప్పటినుంచి షమీమ్ బడి విడిచినాక రోజూ వచ్చి ముడి తడిమి చూసుకునేది. అవ్వ పెట్టే బొరుగులు తింటా "ఇంకెన్ని మూరలు?" అని మా నాయనను సతాయించేది. పడుగు అయిపోయినాక అవ్వే ముడి విప్పి, వాళ్ళింటికి పోయి దాని చేతిలో పెట్టి వచ్చింది.

ఆ ఏడు బక్రీదుకు వాళ్ళ నాయన రానే వచ్చినాడు! కథంతా విని, జేబులు వెతికి, రెండు రుఫియాల బిళ్ళ అవ్వకిచ్చినాడు. దాని మీద శంఖం! "ఇంగ చక్రం ఒకటే తక్కువ... వచ్చేసారి చూడప్పా!" అనింది మా అవ్వ. ఆయన నవ్వి నవ్వి కండ్లనీళ్ళు తుడుచుకున్నాడు.

మా మగ్గం ఉన్నన్నాళ్ళూ ఆ శంఖం బిళ్ళనే కట్టినాము. ఇప్పుడు అవ్వా లేదు, మగ్గమూ లేదు... బిళ్ళ నా పర్సులో ఉంది. డబ్బంతా ఫోన్‌లోనే వస్తాంది, ఫోన్‌లోనే పోతాంది. పసుపు గుడ్డలో ముడేసేదానికి చేతికి తగిలేది ఏముంది చెప్పండి?

మీ డబ్బాల్లో కూడా ఈడ చెల్లని బిళ్ళ ఒకటి ఉండే ఉంటుంది... ఎవరిచ్చినారో చెప్పి ఫోటో పెట్టండి. ఆదోనిలో ఉంటున్న షమీమ్ తన తాబేలు ఫోటో ఇప్పుడే పంపింది. వీపు గీతల్లో పసుపు ఇంకా అట్లే ఉంది. "ఇన్నేండ్లలో ఒక్కసారీ కడగలేదా?" అని అడిగినా.

"అవ్వ పెట్టిన బొట్టు... ఎట్ల కడిగేదే?" అనింది.