కొండకు నీళ్ళు మోసిన పెదనాన్న

మా పెదనాన్న పోయాడని ఫోనొచ్చినప్పుడు నేను గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీలోంచి సిమెంటు దించుతున్నాను. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర మూడేళ్ళుగా ఉంది. ఇక ఎవరికి చెప్పాలి?

ఆయనకు రెండు కంచర గాడిదలు. జగ్గయ్యపేట అవతల కొండల మీద కరెంటు టవర్లు వేసేటప్పుడు ట్రాక్టరు కింద వరకే వస్తుంది. అక్కణ్ణుంచి ఇసుక, సిమెంటు, ఇనుము, కాంక్రీటుకు నీళ్ళు, అన్నీ వాటి వీపు మీదే పైకి పోవాలి. రెండేళ్ళు ఆయనతో పనిచేశాను. అంతగా విసిగించిన మనిషిని చూడలేదు. ఒక్కో చేత్తో ఒక్కో మూట ఎత్తి, కళ్ళు మూసుకుని, రెండు పక్కలా బరువు సమానంగా లేదంటే కట్టిందంతా విప్పించేవాడు. ఇటు నుంచి దోసెడు ఇసుక తీసి అటు పోసేవాడు. సూపర్‌వైజర్ అరుస్తున్నా సరే, గాడిద వీపు మీద వేసే గడ్డి కూరిన గోనె మెత్త కింద చెయ్యి పెట్టి తడిమి చూడందే కదలనిచ్చేవాడు కాదు.

"గాడిదేగా పెదనాన్నా" అన్నాను ఓసారి.

"నీ చొక్కాలో ముల్లు పెట్టుకుని కొండెక్కి రా. అప్పుడు మాట్లాడదాం" అన్నాడు, నవ్వకుండా.

మూడేళ్ళ కిందట వేసవిలో ఒకరోజు ఆయన రెండో గాడిద గిట్ట చూస్తుంటే నీళ్ళ డబ్బాలు నేనే కట్టాను. ఎండలో గాడిదను చూసి జాలేసి సగం సగమే నింపాను. నిండు డబ్బాలో నీళ్ళు కదలవు. సగం డబ్బాలో నీళ్ళు ఏటవాలు రాగానే ఒక్కసారి వెనక్కి కొడతాయి. రెండో మలుపులో గాడిద తూలింది. ఆయన కింది పక్కన భుజం ఆనించి తాడు కోసేశాడు. డబ్బాలు దొర్లిపోయాయి, గాడిద నిలబడింది, ఆయన మోకాలు బండకు కొట్టుకుని చితికింది.

ఎవరు కట్టారని సూపర్‌వైజర్ అడిగాడు.

"నేనే. బరువు చూసుకోలేదండి" అన్నాడు.

బరువు చూసుకోకుండా ఆ మనిషి ఏనాడూ అడుగు వెయ్యలేదు. నేను పక్కనే ఉన్నాను. దొర్లిన డబ్బాలు ఏరడానికని కిందికి దిగిపోయాను. ఆయన్ను పనిలోంచి తీసేశారు. తర్వాత కుంటుకుంటూ గాడిదల్ని ఇటుకబట్టీకి తోలుకుపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

పెనుగంచిప్రోలులో ఆయన ఇంటి దగ్గర సంతాప ప్రార్థన రోజు అందరూ ఆయన పనితనం చెప్పి, పాపం ఆ ఒక్కరోజే చెయ్యి తప్పిందన్నారు. లేచి నిలబడి, తప్పింది ఆయన చెయ్యి కాదు, నాది అని చెప్పేశాను.

జనం వెళ్ళాక పెద్దమ్మ దగ్గరికొచ్చింది.

"నాకు ఆ రోజే చెప్పాడ్రా. వాణ్ణి అడగమాక, వాడే చెప్తాడులే అన్నాడు. నువ్వొచ్చినప్పుడల్లా టీ పెట్టమని నన్ను లోపలికి పంపింది, మీరిద్దరే ఉంటే చెప్తావనే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎన్ని టీలు తాగాను ఆ వసారాలో! ఒక్కసారి అడిగితే చెప్పేవాణ్ణి కదా. అంత ఓపిక గాడిదల దగ్గర చూపించాలి గానీ మనుషుల దగ్గరా?

పెరట్లోకి పోయి ఆయన గాడిదల దగ్గర నిలబడ్డాను. మోత గాడిదలకు వీపు ఒరుసుకుని పుళ్ళు పడతాయి. మానిన చోటల్లా తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి. ఎక్కడ చూసినా మచ్చల వీపులే. ఈ రెండింటినీ మెడ నుంచి తోక దాకా చేత్తో నిమిరి చూశాను. ఎండలో నల్లగా మెరుస్తున్నాయి. ఒక్క తెల్ల వెంట్రుక లేదు.