సొనాటా మధ్యలో శాలువా

నడివయసులో అందరికీ మోకాళ్ళనొప్పులు పట్టుకుంటాయి. నాకు వయొలిన్ పట్టుకుంది. అదీ ఎప్పుడో మూడు శతాబ్దాల కిందటి జర్మన్ మహానుభావుడొకాయన రాసిన, భాగాలు భాగాలుగా సాగే సొనాటా! నేను సాధన మొదలుపెట్టగానే అమెరికాలోని మా మోరిస్‌విల్ ఊరి ఉడతలన్నీ పిల్లాపాపలతో పక్క ఊరు క్యారీకి వలసపోయాయి.

పోనివ్వండి. నాకు కావలసింది ఉడతల మెప్పు కాదు, మా అత్తగారి మెప్పు. వేసవికని మా ఇంటికొచ్చిన ఆవిడ జన్మంతా పిల్లలకు కర్ణాటక వయొలిన్ నేర్పిన మనిషి. నేలమీద కూర్చుని, వాయిద్యం కొసను చీలమండకు ఆనించి వాయించడం ఆవిడ పద్ధతి.

“నిలబడి వాయిస్తారేంటి అల్లుడుగారూ, బస్సు కోసమా?” అన్నారు మొదటిరోజే.

“ఎలా ఉందండీ అత్తయ్యగారూ?”

“పూర్తిగా వినకుండా నేను చెప్పను.”

ఇంట్లో ఏనాడు పూర్తిగా వాయించాను గనక! చివరికి మా వయొలిన్ టీచర్ తన శిష్యులందరితో చర్చి హాల్లో కచేరీ పెట్టింది. మర్నాడే అత్తగారి ఫ్లైట్. ‘బాగుంది’ అనిపించుకుంటే ఆ రోజే అనిపించుకోవాలి.

నాకు పక్కవాద్యంగా టీచర్ పియానో ముందు కూర్చుంది. నా కాళ్ళు వణికితే వేదిక వణికింది, వేదిక వణికితే చర్చి గంట మోగిందని నా అనుమానం. మొదటి భాగం నెమ్మది, గట్టెక్కాను. రెండోది జోరు. దాన్ని ఎంత ఆర్భాటంగా ముగించానంటే, ఆ జర్మన్ పెద్దాయన సమాధిలో లేచి కూర్చునే ఉంటాడు.

హాలంతా నిశ్శబ్దం. భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టకూడదని అమెరికన్లకు తెలుసు. మా అత్తగారికి తెలియదు. ఎవరికి ఎప్పుడు సన్మానం అవసరపడుతుందోనని ఆవిడ సూట్‌కేసులో ఆవకాయ పక్కనే ఒక శాలువా ఉంటుంది. ఆ రోజు చేతిసంచీలో వెంట తెచ్చిన దాన్ని పట్టుకుని చకచకా వేదికెక్కి, కమానుతో సహా నన్ను చుట్టబెట్టేశారు.

“పూర్తయింది కాబట్టి చెబుతున్నా. బాగుంది!”

గెలిచాను! నోరు మూసుకుని దిగిపోతే చాలు. కానీ టీచర్ నావైపే చూస్తోంది.

“అత్తయ్యగారూ... ఇంకా రెండు భాగాలున్నాయండీ.”

“ఇంకా రెండా! ముందే చెప్పొద్దూ?” శాలువా లాగేసుకున్నారు. “అయితే ఆ మాట కూడా వెనక్కి ఇచ్చేయండి.”

ఇచ్చేశాను. మూడోది మళ్ళీ నెమ్మది. ముందు వరసలో ఆవిడ తొడమీద తాళం వేస్తున్నారు. సగంలో ఆ చెయ్యి ఆగింది. కళ్ళు మూసుకున్నారు. నిద్రో, సంగీతమో! అది తేలేలోగా మూడోది అయిపోయింది. ఆ ఆత్రంలో నాలుగోది పట్టపగ్గాల్లేకుండా పరుగెత్తింది. టీచర్ పియానోతో వెంటపడి, చివరి స్వరం దగ్గర నన్ను పట్టుకుంది.

ఈసారి హాలంతా చప్పట్లు. అత్తగారు కదలరే! చివరికి లేచొచ్చి, నన్ను నమ్మక టీచర్నే అడిగారు. “ఫినిష్?”

“ఫినిష్డ్!” అంది టీచర్.

అప్పుడు శాలువా దులిపి, మడతలు సరిచేసి, మళ్ళీ కప్పారు.

“మూడోది చాలా బాగుంది. నాలుగోదానికి మాత్రం మీ బస్సు వచ్చేసినట్టుంది.”