తాండవ విహారయాత్రకు తేకూడని వస్తువు

మొన్న మంగళవారం నుంచి శుక్రవారం దాకా నేనొక ఉద్యమం నడిపాను. ఫలితం ముందే చెప్పేస్తున్నాను: ఉద్యమం గెలిచింది, నేను ఓడిపోయాను. రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయంటారా? టీ చల్లారేలోపు మీకే తెలుస్తుంది, వినండి.

నర్సీపట్నంలో మా హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెప్పేది నేనొక్కణ్ణే. ఏటా ఈ రోజుల్లో పిల్లలకి ఇంగ్లీషు ఎంతవరకు వచ్చిందో కొలవమంటారు. చదివి అర్థం చేసుకోవడానికి పది మార్కులు, విని అర్థం చేసుకోవడానికి పది. చదివేదాంట్లో పెద్ద గొడవ లేదు. అసలు దారుణమంతా వినేదాంట్లో ఉంది. చాలామంది ఏం చేస్తారో తెలుసా? ఏమీ వినిపించరు! పేర్ల పట్టీ ముందు పెట్టుకుని ఏడు, ఆరు, ఏడు, ఎనిమిది అని వేసుకుంటూ పోతారు. పిల్లల చెవుల్ని కుర్చీలోంచి లేవకుండానే కొలిచేస్తారు. బట్టల కొట్టువాడు కూడా ఇంత అన్యాయంగా కొలవడు కదండీ!

నేను అలాంటివాణ్ణి కాను. విద్య భిక్ష కాదు, హక్కు. ఈ మాట నా బైకు వెనకాల కూడా రాయించుకున్నాను.

ఈసారి దీనికో మెలిక పెట్టారు. వినేదాంట్లో ఐదు కన్నా తక్కువ వస్తే మూడు నెలలపాటు రోజూ సాయంత్రం ఇంకో గంట అదనపు తరగతి. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. కానీ మా పిల్లల్లో సగంమంది నాలుగూ నలభై బస్సుకి ఊళ్లకి పోయేవాళ్లు. అది తప్పితే మళ్లీ ఏడున్నరకే. ఆడపిల్లలు జీడితోటల పక్కనుంచి చీకట్లో నడుచుకుంటూ ఇళ్లకి చేరాలి. ఇదంతా మార్కులు వేసే పెద్దలకి పడుతుందా? నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క పిల్లకి కూడా అన్యాయంగా ఆ బస్సు తప్పకూడదని శపథం చేశాను.

సోమవారం పరీక్ష సామగ్రి వచ్చింది. టీచరు దగ్గర ఉంచుకోవాల్సిన పాఠం కాగితం, పిల్లలకి ప్రశ్నల కాగితాలు, టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఆడియో. ఆడియో చూడగానే నాకు నిరుటిది గుర్తొచ్చింది. అందులో ఎవరో తెల్లదొరసాని ముక్కుతో మాట్లాడింది. మా పిల్లలు అది విని, పాట ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తూ కూర్చున్నారు.

పాఠం కాగితం తీసి చూశాను. బడిపిల్లల విహారయాత్ర గురించి ఒక ప్రకటన. ఎక్కడికి? మన తాండవ రిజర్వాయరుకి! శనివారం పొద్దున్న ఏడున్నరకి గేటు దగ్గరికి రావాలి, టోపీ, నీళ్ల సీసా తెచ్చుకోవాలి, ఫోను తేకూడదు. అంతే. అది చదివేసరికి నా కోపం రెట్టింపైంది. నీళ్లు మనవి, గట్టు మనది, గొంతు మాత్రం వాళ్లదా? మన తాండవ గురించి మన పిల్లలకి సముద్రం అవతలివాళ్లు చెప్పాలా? ఇది భాషా ఆధిపత్యం కాకపోతే ఏమిటి?

మంగళవారం తరగతిలోకి వెళ్లి స్పీకరు తీగ ఊడబీకేశాను.

"ఈ ఆడియోని మనం బహిష్కరిస్తున్నాం!" అన్నాను.

"ఎస్ సార్!" అన్నారు నలభై రెండు మందీ. వాళ్లు దేనికైనా ఎస్ సార్ అంటారనుకోండి, అది వేరే సంగతి.

నేనే చదువుతానని చెప్పాను. చదివే ముందు పిల్లల్లో ధైర్యం నింపాలి కదా? ఇంగ్లీషు పరీక్ష కాబట్టి ఇంగ్లీషులోనే నాలుగు మాటలు చెప్పాను. మీ భయాన్ని ఈ గది బయట వదిలేసి రండి, ఇక్కడికి భయాన్ని తేకండి, భయమే వాళ్ల ఆయుధం, అని. ఆ ఊపులోనే పాఠంలోకి వెళ్లిపోయాను. నా ఇంగ్లీషు మీకు తెలుసుగా! విశాఖలో చదివేటప్పుడు డిబేటుల్లో కప్పులు తెచ్చిన ఇంగ్లీషు. గేటు దగ్గరికి ఏడున్నరకి రావాలి అన్న వాక్యాన్ని కోట బద్దలుకొట్టడానికి పిలుపులా చదివాను. నీళ్ల సీసా దగ్గర గొంతు జీరపోయింది. రూలు ప్రకారం రెండుసార్లు చదవాలి. రెండోసారి ఇంకా బాగా వచ్చింది. కిటికీ దగ్గర నుంచి ప్యూను కూడా తొంగిచూశాడు.

సాయంత్రం పేపర్లు దిద్దాను. నలభై రెండు మందిలో ముప్పై తొమ్మిది మందికి ఐదు కూడా రాలేదు! సున్నాలే తొమ్మిది!

అందులోనూ ఒక ప్రశ్న నన్ను కుదిపేసింది. "విహారయాత్రకు ఏమి తేకూడదు?" దీనికి ఇరవై ఆరు మంది ఒకే జవాబు రాశారు. ఫియర్. భయం! నేను స్టాఫు రూములో కూర్చుని కళ్లు తుడుచుకున్నానంటే నమ్మండి. ఈ వ్యవస్థ మా పిల్లల్ని ఎంతగా నలిపేసిందో చూడండి, ఫోను గురించి అడిగితే భయం అని రాస్తున్నారు!

ఇక ఆగలేదు. మా మండలం ఇంగ్లీషు టీచర్ల గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టాను. "ఈ పరీక్ష పిల్లలకి కాదు, మన మౌనానికి. ఆ ఆడియోలో ఉన్నది ఎవరి గొంతు? ఏ దేశపు గొంతు? మన పిల్లల ఇళ్లలో ఒక్క పూటైనా అన్నం తినని గొంతుకి మన పిల్లల్ని కొలిచే హక్కు ఎవరిచ్చారు? ఇరవై ఆరు మంది పిల్లలు రాసిన ఒకే ఒక్క మాట: భయం!" ఇలా స్క్రీనుకి పట్టనంత. వెంటనే పిడికిలి బొమ్మలు ఐదు వచ్చాయి. మా హెడ్మిస్ట్రెస్ సత్యవతి మేడం కూడా ఆ గ్రూపులోనే ఉంటారు. ఆవిడ చూసినట్టు తెలిసింది, ఏమీ అనలేదు. మౌనం అంగీకారమే అనుకున్నాను.

బుధవారం అదనపు తరగతి వాళ్ల పట్టీ నోటీసు బోర్డుకి అంటించాల్సి వచ్చింది. అంటిస్తూ పిల్లలకి చెప్పాను: "ఇది మీ ఓటమి కాదు, వ్యవస్థ ఓటమి!" రెండో బెంచీలో నూకరత్నం అని ఒక పిల్ల ఉంటుంది. లెక్కల్లో, సైన్సులో మొదటి పిల్ల. ఆ పిల్ల లేచి, "వ్యవస్థకి బస్సు తప్పదు కదండీ సార్" అంది. నేను దాన్ని పట్టించుకోలేదు. ఆ క్షణంలో డీఈవో గారికి రాయాల్సిన లేఖలో ఉన్నాను.

గురువారం పొద్దున్న గంట కొట్టకముందే నూకరత్నం వాళ్లమ్మ వచ్చేసింది. చెరుకు కొట్టే పని ఒగ్గేసి వచ్చిందట. నేను గేటులో బైకు ఆపుతుంటే ఎదురొచ్చింది.

"ఏటి బాబూ, మా గుంట ఇనడంలో ఎనకబడిపోనాదని గోడకి అంటించినారంట?"

"అమ్మా, అది నేను కాదమ్మా, వ్యవస్థ..."

"ఆయనెవరో నాకు తెల్దు. మా గుంటకి సెవులు బాగానే ఉన్నాయి. పొరుగింటోళ్ల పొయ్యి మీద పాలు పొంగితే మా ఇంట్లోంచి సెప్పెత్తాది!"

"చెవుల సంగతి కాదమ్మా..."

"మరేటి? సూడు బాబూ, సాయంత్రం బస్సు ఎల్లిపోతే దీనికి దారేటి? సీకట్లో ఒక్కత్తీ వత్తాదా? నేను పన్లోంచి బేగి రాలేను, ఆల నాన్న ఊళ్లో లేడు. ఈ గంట కిలాసు పెడితే మాత్రం సదువు మానిపించెత్తాను. తప్పు నాది కాదు, ముందే సెప్తున్నాను."

నూకరత్నం పక్కనే తల వంచుకుని నిలబడింది. దాని కళ్లలో నీళ్లు. నా దగ్గర నినాదాలు కనీసం ముప్పై ఉంటాయి. వాటిలో ఆ పిల్లని ఇంటికి చేర్చేది ఒక్కటీ లేదు.

గొంతులు విని సత్యవతి మేడం బయటికొచ్చారు. ఇంకో రెండేళ్లలో రిటైరయ్యే మనిషి. నా ఉపన్యాసాలు వింటూ కూడా నిద్రపోకుండా ఉండగల ఏకైక వ్యక్తి. ఆవిడ తల్లిని తన గదిలోకి తీసుకెళ్లి కుర్చీలో కూచోబెట్టి, మంచినీళ్లిచ్చి, పిల్ల పేపరు తెప్పించి చూసి అడిగారు.

"అమ్మా, విహారయాత్రకి ఫియర్ తేకూడదని ఎందుకు రాశావు?"

నేను చెయ్యెత్తి, "చూడండి మేడం, ఇప్పుడు చెబుతుంది వ్యవస్థ గురించి" అన్నాను.

"సార్ గారే సెప్పారు కదండీ" అంది నూకరత్నం. "టోపీ తెచ్చుకోండి, వాటర్ బాటిల్ తెచ్చుకోండి, ఫియర్ మాత్రం తేకండి, బయట ఒగ్గేయండి అన్నారండి. నాలుగుసార్లు అన్నారు. ఫోను రెండుసార్లే అన్నారండి. అందుకే ఫియర్ ముఖ్యం అనుకున్నాం."

మేడం నా వైపు చూశారు. నేను గోడ మీది దేశపటం వైపు చూశాను.

"మిగతావి?" అని అడిగారు మేడం.

"మిగతావి సార్ గారు బాగా బేగి సదివేసినారండి. మధ్యలో కోప్పడినట్టున్నారని మేం బయపడి రాయడం ఆపేశామండి."

"ఆడియో పెట్టలేదా బాబూ?" అన్నారు మేడం, ఎంతో నెమ్మదిగా.

"లేదండి. సూత్రప్రాయంగా బహిష్కరించాను."

"విన్నావా?"

"వినకుండానే బహిష్కరించాను మేడం. వింటే లొంగిపోయినట్టే."

ఆవిడ "యాప్ లో మార్కులు ఎక్కించడానికి రేపు సాయంత్రం దాకా టైముంది. పాఠం సరిగ్గా వినిపించనప్పుడు మళ్లీ పెట్టొచ్చు, రూలుంది. రేపు పొద్దున్న ఆడియోతో పెడదాం" అన్నారు. తర్వాత ఆ తల్లి వైపు తిరిగి, "ఒక్క రోజు ఆగమ్మా" అన్నారు.

"రేపు సాయంత్రం బస్సు దాకా ఆగుతాను మేడం గారూ" అంది ఆవిడ. నన్ను మాత్రం చూడలేదు.

నాకు అప్పటికీ కోపం తగ్గలేదు, నిజం చెబుతున్నాను. తప్పు నాదైతే కావచ్చు, కానీ ఆ పరాయి గొంతు ముందు మా పిల్లలు తలవంచాలా? శుక్రవారం ఆ కోపంతోనే స్పీకరు తీగ మళ్లీ తగిలించాను. మేడం వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు.

"నువ్వూ ఒక కాగితం తీసుకుని వెనక బెంచీలో కూచో బాబూ. నేను చూసుకుంటాను."

"నేను రాయడమేంటి మేడం? అసలు ఆ ప్రశ్నలే శాస్త్రీయంగా లేవు."

"రాసి చూసి చెప్దువుగాని."

సరే అని కూర్చున్నాను. ఆడియో మొదలైంది. నెమ్మదైన గొంతు. మాటమాటకీ మధ్య ఊపిరి తీసుకునేంత జాగా. ఒక్క వాక్యం అయ్యేసరికి తరగతంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది, తర్వాత ముందుకి తిరిగి కుర్చీ వైపు చూసింది.

"మేడం గారండి!" అని అరిచాడు ఎవడో. "మేడం గారి గొంతండి సార్!"

అవునండీ. నిరుటి దొరసాని మీద అందరూ ఫిర్యాదు చేస్తే, ఈసారి ఇక్కడి టీచర్ల చేతే రికార్డు చేయించారట. వేసవి సెలవుల్లో మా మేడం ఎండలో మూడు రోజులు తిరిగి చదివి వచ్చారట. మన పిల్లల ఇళ్లలో ఒక్క పూటైనా అన్నం తినని గొంతు అని నేను ఎవరి గురించి రాశానో ఆవిడ, మా పిల్లల్లో సగంమంది ఇళ్లలో పెళ్లిభోజనాలు తిన్న మనిషి!

"చెప్పొచ్చు కదా మేడం!" అన్నాను, ఆడియో అయ్యాక.

"సోమవారం మీటింగులో చెప్పాను బాబూ. అప్పుడు నువ్వు మాట్లాడుతున్నావు."

నలభై రెండు మందిలో ముప్పై తొమ్మిది మందికి ఐదు దాటింది. నూకరత్నానికి తొమ్మిది. తప్పిన ముగ్గురూ నర్సీపట్నంలోనే ఉండేవాళ్లు, సైకిళ్లున్నాయి, బస్సు బాధ లేదు.

సాయంత్రంలోగా మార్కులు ఎక్కించాలి కాబట్టి, ఈసారి పేపర్లు ఒకరివి ఒకరికిచ్చి దిద్దించారు మేడం. నాది నూకరత్నానికి వెళ్లింది. ఎర్రపెన్ను ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది.

"ఎన్నమ్మా?" అన్నారు మేడం.

"నాలుగండి" అంది, నన్ను క్షమించమన్నట్టు చూస్తూ.

"అదేటి? ఎక్కడ పోయాయి?"

"రెండు ఖాళీ ఒగ్గేసినారండి. మిగతా నాలుగింటికీ జవాబు రాయలేదండి. ఆ ప్రశ్నలో తప్పేటో రాసినారండి."

ఏం చెయ్యమంటారు? ఆడియో మొదటిసారి మోగుతున్నప్పుడు గ్రూపులో పెట్టాల్సిన క్షమాపణకి మొదటి వాక్యం వెతుక్కుంటున్నాను. రెండోసారి మోగుతున్నప్పుడు ఆ వాక్యంలో "ఆధిపత్యం" అన్న మాట ఉంచాలా తియ్యాలా అని ఆలోచిస్తున్నాను. ఏడున్నర ఎప్పుడు వచ్చిందో, టోపీ ఎటు పోయిందో నాకేం తెలుసు?

మేడం పట్టీలో మూడు పేర్ల కింద నాలుగోది రాశారు. నవ్వలేదు కూడా. "రూలు అందరికీ ఒకటే కదా బాబూ, ఆ మాట ఎప్పుడూ నువ్వే అంటావు" అన్నారు.

నాలుగూ నలభై బస్సు టైముకే వచ్చింది. నూకరత్నం పరిగెత్తి ఎక్కి, కిటికీలోంచి చెయ్యూపింది. నేను తిరిగొచ్చి ఆ ముగ్గురు పిల్లల పక్కన బుద్ధిగా బెంచీలో కూర్చున్నాను. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది, సారు రాలేదు. విద్యార్థుల కాలాన్ని ఇలా దొంగిలిస్తారా, ఇదేనా బాధ్యత అని నాకు మళ్లీ ఒళ్లు మండిపోయింది. లేచి ఫిర్యాదు చేద్దామని గుమ్మందాకా వెళ్లాక తట్టింది, ఆ క్లాసు చెప్పాల్సిన సారుని నేనే.