మానిటర్‌కి మంగళస్నానం

కెమెరా ఇచ్చే రా ఫైళ్లను ఫొటోలుగా మార్చే కొత్త సాఫ్ట్‌వేర్ మా కూర్మన్నపాలెం స్టూడియోలో పెట్టాను. మంగళస్నానం ఫొటోల్లో పెళ్లికూతురి ఒంటి మీది పసుపంతా లైటింగ్ లోపమనుకుని అది తీసేసింది. పిల్ల సున్నం కొట్టిన గోడలా తేలింది.

ఈ రోజు ఆ ఫొటోలు చూడ్డానికి వచ్చిన ఆమె నాయనమ్మ గొల్లుమంది.

"పసుపేదిరా బాబూ? పసుపు రాయకండానే పిల్లకి పెళ్లి సేసీసినామనుకోరేటి వియ్యాలోరు?"

"కంప్యూటర్ తీసేసిందమ్మా, మళ్లీ పెడతాను."

"నువ్వేటి ఎడతావు, నానే ఎడతాను!"

పక్క కొట్లో పసుపు కొనుక్కొచ్చి, తడిపి, మానిటర్ మీద పిల్ల బుగ్గలకి రాసేసింది. నిజం చెప్పొద్దూ, రంగు సరిగ్గా కుదిరింది.

తర్వాత పాస్‌పోర్టు ఫొటోకి వచ్చిన స్టీల్ ప్లాంటు ఉద్యోగి పసుపు తుడవని అదే తెరమీద తన ఫొటో చూసుకుని మురిసిపోయాడు. "ఈ కళ పోకుండా ప్రింటు తీయండి సార్" అన్నాడు.

ఇప్పుడు మానిటర్ తుడవాలా, సాఫ్ట్‌వేర్ పీకేయాలా? మీరే చెప్పండి.